హరికేన్ల కాలంలో కరీబియన్ క్రూజ్: పెద్దవారితో బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

టెక్సస్, ఫ్లోరిడాలలో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను, అత్తమామలను వెంటబెట్టుకుని కరీబియన్ క్రూజ్‌కు వెళ్లేది ఎక్కువగా పిల్లలకు సెలవులుండే వేసవిలోనే. అట్లాంటిక్ హరికేన్ల కాలం కూడా అప్పుడే, జూన్ 1న మొదలై నవంబరు 30 వరకు సాగుతుంది. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు తుఫానులు మరీ ఎక్కువగా పుడతాయి. దీర్ఘకాలపు లెక్కల ప్రకారం సెప్టెంబరు 10 ప్రాంతంలో వాటి తీవ్రత పతాకస్థాయిలో ఉంటుంది. ఆ వారాల్లో టికెట్లు చవగ్గా దొరకడానికి పిల్లలు తిరిగి బడికి వెళ్లడం ఒక కారణమైతే, ఇది రెండవ కారణం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పటి గాలులను చూసిన పెద్దవారు హరికేన్ అన్న మాట వినగానే ప్రయాణమే వద్దంటారు. వారి భయం సహజమే కాని, ఓడ ఊరిలాగా ఒకచోట నిలబడి గాలిని భరించదు. హరికేన్ సాధారణంగా గంటకు పది పదిహేను మైళ్ల వేగంతో కదులుతుంది. పెద్ద క్రూజ్ ఓడ గంటకు ఇరవై మైళ్లకు పైగా వెళ్లగలదు. అందువల్ల కెప్టెన్లు రోజుల ముందే దారి మార్చి తుఫానుకు దూరంగా జరిగిపోతారు. ఓడకు ప్రమాదం తప్పుతుంది, కాని దారి మారినందువల్ల కలిగే ఇబ్బందులన్నీ ప్రయాణికుడి నెత్తిన పడతాయి. చూడాలనుకున్న రేవు బదులు మరో రేవుకు తీసుకువెళ్లవచ్చు, అసలు ఏ రేవుకూ తీసుకువెళ్లకపోవచ్చు, ఆదివారం తిరిగి రావలసిన ఓడ మంగళవారం రావచ్చు. టికెట్ కొన్నప్పుడు మనం చదవకుండా ఒప్పుకున్న షరతులలో ఈ అధికారమంతా కంపెనీకి రాసి ఇచ్చే ఉంటాము. ఆగని రేవుకు సంబంధించిన సుంకం వెనక్కి ఇవ్వడం తప్ప వారు సాధారణంగా మరే పరిహారమూ ఇవ్వరు. కాబట్టి ఈ కాలంలో తీసుకోవలసిన జాగ్రత్తల్లో అధికభాగం, ప్రయాణం రెండు మూడు రోజులు పెరిగినా, వేరే చోటికి మళ్లినా ఇబ్బంది పడకుండా ఇంటి దగ్గరే చేసుకోవలసిన ఏర్పాట్లు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2024లో వచ్చిన బెరిల్ అనే హరికేన్ జులై 2న అన్నిటికంటే తీవ్రమైన ఐదవ కేటగిరీకి చేరింది. అట్లాంటిక్ రికార్డుల్లో ఏ హరికేనూ ఏడాదిలో అంత ముందుగా ఆ స్థాయికి చేరలేదు. అది మరునాడు జమైకా దక్షిణ తీరాన్ని రాసుకుంటూ వెళ్లి, యుకటాన్ ద్వీపకల్పాన్ని దాటి, జులై 8న టెక్సస్‌లో తీరం తాకింది. అక్కడి గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే ఓడలు తిరిగే దారి కూడా దాదాపు అదే. అంతకుముందు 2017 ఆగస్టులో హార్వే వచ్చినప్పుడు గాల్వెస్టన్ రేవును మూసివేయడంతో, తిరిగి రావలసిన ఓడలు వేలాది ప్రయాణికులతో సముద్రంలోనే ఆగిపోయాయి. వాటిలో కొన్ని న్యూ ఆర్లీన్స్‌కు వెళ్లి సరుకులు నింపుకోవలసి వచ్చింది.

అందువల్ల ముందుగా చూసుకోవలసింది తేదీలను. విమానంలో వెళ్లి ఓడ ఎక్కేవారు ఒక రోజు ముందే ఆ ఊరు చేరుకోవాలి. వేసవి మధ్యాహ్నాలలో ఉరుముల వానల వల్ల ఫ్లోరిడా విమానాలు ఆలస్యం కావడం మామూలే, ఓడ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఇక తల్లిదండ్రుల ఇండియా ప్రయాణానికి, క్రూజ్ ముగిసే రోజుకు మధ్య కనీసం నాలుగైదు రోజుల వ్యవధి ఉంచాలి. పెద్దవారు వెళ్లిపోయే ముందు ఒక్క సరదా తీర్చి పంపాలని చివరి వారంలో క్రూజ్ పెట్టుకునేవారిని చాలామందిని చూశాను. జనవరిలో అయితే ఫరవాలేదు కాని, సెప్టెంబరులో అది తగదు.

తరువాతది కాగితాల సంగతి. ఇందులో జరిగే పొరపాటు వల్ల రేవులోనే వెనక్కి పంపితే టికెట్ డబ్బు కూడా తిరిగి రాదు. ఓడ అమెరికాలో బయలుదేరి అమెరికాకే తిరిగి వచ్చినా, మధ్యలో మరో దేశపు రేవులో ఆగితే మనం దేశం దాటి మళ్లీ ప్రవేశిస్తున్నట్టే లెక్క. అమెరికా పౌరులు కొన్ని క్రూజ్‌లకు జనన ధ్రువపత్రంతో వెళ్లగలరన్న మాట భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి వర్తించదు. సందర్శకులకిచ్చే బి-2 వీసాపై వచ్చిన తల్లిదండ్రులకు వీసా చెల్లుబాటులో ఉంటే తిరిగి రావడం సాధారణంగా కష్టం కాదు. అయితే క్రూజ్‌కు వెళ్లివస్తే ఆరు నెలల గడువు కొత్తగా మొదలవుతుందని లెక్క వేసుకోకూడదు. తిరిగి వచ్చాక, ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రంలో ఏ తేదీ ఉందో ఆన్‌లైన్‌లో చూసుకుని, దాన్నే నమ్మాలి.

అసలు చిక్కు తరచుగా తల్లిదండ్రులకు కాక, వారిని తీసుకువెళ్లే కొడుక్కో కూతురికో ఎదురవుతుంది. హెచ్-1బిలో ఉండి పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు దాటినవారు, లేదా స్టేటస్ ఇక్కడే మార్చుకున్నందున ఆ ముద్రే లేనివారు, కెనడాకో మెక్సికోకో ముప్పై రోజుల లోపు వెళ్లివస్తే పాత వీసా చెల్లినట్టు పరిగణించే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. కరీబియన్ దీవుల విషయంలో ఆ వెసులుబాటు ఎఫ్, జె వీసాల విద్యార్థులకు, ఎక్స్చేంజ్ సందర్శకులకు మాత్రమే ఉంది. వారికి కూడా క్యూబాకు వర్తించదు. అంటే మెక్సికోలోని కోజుమెల్‌లో మాత్రమే ఆగే ఓడ ఎక్కిన హెచ్-1బి ఉద్యోగికి ఇబ్బంది లేకపోయినా, అదే ఓడ జమైకాలోనో బహామాస్‌లోనో ఆగితే చిక్కే. తుఫాను వల్ల ఓడ మెక్సికోకు బదులు ఒక దీవికి మళ్లితే ఏమవుతుందన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఈ కాలంలో ముద్ర లేనివారు వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వెళ్లి తీరాలనుకుంటే ముందుగా ఇమిగ్రేషన్ లాయరును అడిగి తెలుసుకోవాలి. టికెట్ మీదున్న రేవులకే కాక, మారితే ఓడ వెళ్లే అవకాశమున్న దేశాలకు కూడా భారతీయులకు వీసా కావాలో వద్దో కంపెనీని అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవడం మేలు. (హరికేన్ల గొడవ ఉండదని సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లేవారికి మరో తిరకాసు ఉంది. 1886 నాటి అమెరికా చట్టం వల్ల విదేశీ జెండా ఉన్న ఓడ మధ్యలో ఒక విదేశీ రేవును తాకాలి. కొన్ని గంటల కోసం కెనడాలోని విక్టోరియాలో ఆగే ఆ ఓడ ఎక్కడానికి కూడా భారతీయ పాస్‌పోర్టుపై సాధారణంగా కెనడా వీసా కావాలి.)

విజిటర్స్ ఇన్సూరెన్సును, ట్రావెల్ ఇన్సూరెన్సును ఒకటిగా కలిపి చూడకూడదు. తల్లిదండ్రులకు అమెరికా వచ్చేటప్పుడు కొన్న విజిటర్స్ ఇన్సూరెన్సు ఓడలో, అంతర్జాతీయ జలాల్లో పనిచేస్తుందా లేదా అన్నది పాలసీ కాగితంలోనే వెతకాలి. చాలా పాలసీలలో దీనిపై పరిమితులుంటాయి. ఓడలోని వైద్యకేంద్రం ప్రథమ చికిత్సకు, తాత్కాలికంగా నిలబెట్టడానికి సరిపోతుంది కాని అది ఆసుపత్రి కాదు. బిల్లు నేరుగా మన గది ఖాతాలో పడుతుంది. గుండెనొప్పి వంటిది వస్తే రోగిని తదుపరి రేవులో దించుతారు, లేదా హెలికాప్టర్‌లో తరలిస్తారు. ఆ తరలింపు ఖర్చు పదుల వేల డాలర్లకు చేరవచ్చు. కాబట్టి వైద్య తరలింపు ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్సు వేరుగా కొనాలి. ప్రయాణం రద్దుకు సంబంధించిన భాగం కూడా కావాలంటే టికెట్ కొన్న కొద్దిరోజులకే తీసుకోవాలి, ఎందుకంటే తుఫానుకు పేరు పెట్టిన తరువాత కొన్న పాలసీ ఆ తుఫాను వల్ల కలిగిన నష్టాన్ని భరించదు.

ఏడు రోజుల ప్రయాణానికి మందులు పద్నాలుగు రోజులకు సరిపడా తీసుకువెళ్లాలి. వాటిని చేతిసంచిలోనే పెట్టుకోవాలి. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది, ఈలోగా మధ్యాహ్నపు షుగర్ మాత్ర వేసుకునే వేళ గడిచిపోతుంది. ఇండియాలో కొన్న మందుల బ్రాండ్ పేర్లు ఓడ డాక్టరుకు తెలియవు. అందుచేత టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ అన్నట్టుగా మందు అసలు పేరు, మోతాదు, వేళ ఇంగ్లిషులో ఒక కాగితం మీద రాసి, ఇటీవలి ఈసీజీ కాపీతో కలిపి పెద్దవారి దగ్గరే ఉంచాలి. ఇన్సులిన్ వాడేవారు గదిలోని ఫ్రిజ్ సరిగా చల్లబరుస్తుందో లేదో మొదటి రోజే చూసుకోవాలి. చాలా ఓడల్లో అది పానీయాలను చల్లగా ఉంచేంత మాత్రమే పనిచేస్తుంది. చాలకపోతే వైద్య అవసరానికని చెప్పి సిబ్బందిని అడిగితే వేరే ఏర్పాటు చేస్తారు.

తుఫాను వందల మైళ్ల దూరంలో ఉన్నా దాని అలలు ఓడ దాకా వస్తాయి. ఊపు తక్కువగా ఉండాలంటే గదిని కింది అంతస్తుల్లో, ఓడ మధ్యభాగంలో తీసుకోవాలి. బాల్కనీ ఉన్న పై గది గొప్పగా కనిపిస్తుంది కాని, కడుపులో తిప్పేవారికి అది శిక్షే. వాంతులు మొదలయ్యాక వేసుకునే మాత్ర కంటే, ముందుగా వేసుకున్నదే బాగా పనిచేస్తుంది. మెక్లిజిన్ వంటి మాత్రలు మగత కలిగిస్తాయి. గ్లాకోమా, ప్రోస్టేట్ సమస్యలు ఉన్నవారికి అవి పడకపోవచ్చు కనుక అలాంటి పెద్దవారు ఇంటి దగ్గరే డాక్టరును అడిగి రావాలి. ఓడ ఊగుతున్నప్పుడు పెద్దవారు పడిపోయేది ఎక్కువగా స్నానాలగది గడప దగ్గర. నీళ్లు బయటికి రాకుండా ఆ గడపను ఎత్తుగా కడతారు, రాత్రి నిద్రమత్తులో అది కాలికి తగులుతుంది. మొదటి రాత్రి నుంచే అక్కడ చిన్న బెడ్‌లైటు వెలిగేలా చూడాలి.

ఓడలో నిజంగా ఎక్కువమందిని మంచాన పడేసేది నోరోవైరస్. అది సోకిన ఒకటి రెండు రోజుల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. భోజనశాల గుమ్మం దగ్గర చల్లే శానిటైజర్ దానిపై అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్లతో ఇరవై సెకన్లు కడుక్కోవడమే ఉపాయం. మనం చేత్తో తినేవాళ్లం కాబట్టి ఇది మనకు మరింత అవసరం. బఫేలో అందరూ పట్టుకునే గరిటెలతో వడ్డించుకున్న తరువాత మళ్లీ చేతులు కడుక్కుని తినాలి. లక్షణాలు కనిపిస్తే దాచకుండా చెప్పాలి, గదిలో ఉంచేస్తారని భయపడి దాచితే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. అమెరికాలో వ్యాధుల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 1975 నుంచి ఓడల పరిశుభ్రతను తనిఖీ చేస్తోంది. వందకు 85, అంతకంటే తక్కువ వస్తే ఆ ఓడ తప్పినట్టు. టికెట్ కొనే ముందు ఆ మార్కులు ఎవరైనా చూడవచ్చు.

నడిసముద్రంలో నిప్పును మించిన ప్రమాదం లేదు. అందుకే రైస్ కుక్కరు, కెటిల్, ఇస్త్రీపెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ప్లగ్గులు, కొవ్వొత్తులు, అగరుబత్తీలు సామాన్ల తనిఖీలోనే తీసేసుకుంటారు. శాకాహారులైన పెద్దవారికి అన్నం, పప్పు కావాలంటే బుకింగ్ సమయంలోనే రాయించి, ఓడ ఎక్కిన మొదటి సాయంత్రం హెడ్ వెయిటరుకు మళ్లీ చెప్పాలి. చాలా ఓడల వంటశాలల్లో భారతీయులు ఉంటారు, ముందురోజు చెబితే మరునాటికి చేసి పెడతారు. ఇక పిల్లల విషయం. 2010 నాటి అమెరికా చట్టం ప్రకారం రెయిలింగ్ ఎత్తు కనీసం 42 అంగుళాలు ఉండాలి, అయితే బాల్కనీలో కుర్చీ వేసి ఉంటే ఆ ఎత్తుకు అర్థం లేదు. పెద్దవాళ్లు లేనప్పుడు కుర్చీలు లోపల పెట్టి బాల్కనీ తలుపు గడియ వేయాలి.

2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఒరిగి 32 మంది మరణించారు. ఆ సాయంత్రమే ఓడ ఎక్కిన వందల మందికి భద్రతా కసరత్తు అప్పటికి జరగలేదు. ఆ తరువాత మారిన అంతర్జాతీయ నియమం ప్రకారం 2015 నుంచి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే అది జరగాలి. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్‌లో వీడియో చూసి, నిర్ణీత స్థలంలో కార్డు చూపించి వచ్చేస్తే సరిపోతుంది కనుక చాలామంది దాన్ని మొక్కుబడిగా ముగిస్తున్నారు. పెద్దవారిని గది నుంచి ఆ స్థలానికి ఒకసారి మెట్ల మీదుగానే నడిపించి చూడాలి, ఎందుకంటే ఆపదలో లిఫ్టులు వాడనివ్వరు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే వెళ్లవలసింది అక్కడికేనని వారికి తెలుగులో చెప్పాలి. ప్రకటనలు ఇంగ్లిషులో, అదీ వేగంగా వస్తాయి.

రేవులో దిగేటప్పుడు ఓడ గడియారం, ఊరి గడియారం వేరుగా ఉండవచ్చని గుర్తుంచుకుని, ఓడ వేళనే చేతి వాచీలో పెట్టుకోవాలి. ఓడ కంపెనీ ద్వారా తీసుకున్న టూరు ఆలస్యమైతే ఓడ వేచి ఉంటుంది. బయట మాట్లాడుకున్న కారు ఆలస్యమైతే ఉండదు. గ్రాండ్ కేమన్ దీవిలో పెద్ద ఓడలు గట్టుకు రావు, చిన్న పడవల్లోకి దిగి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవారు అల ఎక్కువగా ఉన్న రోజున ఓడలోనే ఉండిపోవడం మేలు. ఆకాశం నిర్మలంగా ఉన్నా, దూరపు తుఫాను వల్ల తీరంలో మనిషిని సముద్రంలోకి లాగే ప్రవాహాలు ఏర్పడతాయి కాబట్టి ఎర్రజెండా ఉన్న చోట మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగకూడదు. డెంగీ దోమలు పగలే కుడతాయి. ఒంటికి రాసుకునే మందు తప్పదు.

చివరి రాత్రి పెట్టెలను గది బయట పెట్టమంటారు. మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు, ఫోన్ ఛార్జర్ మాత్రం చేతిసంచిలోనే ఉంచుకోవాలి. రేవు తెరవడం ఆలస్యమైతే మరో రెండు రాత్రులు ఆ సంచితోనే గడపవలసి రావచ్చు.