ఒకే గదిలో రెండు తరగతులు: గోల లేకుండా పాఠం నడపడం ఎలా?

విద్యాహక్కు చట్టం (2009) లెక్కలో ఒకటి నుంచి ఐదు తరగతులున్న బడికి 60 మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లే. అందుకే చాలా ఊళ్లలో ఒకటి, రెండు తరగతులు ఒక గదిలో, మూడు నుంచి ఐదు ఇంకో గదిలో కూర్చుంటాయి. ఒక టీచరు సెలవు పెడితే ఐదూ ఒకచోటే. ఇలాంటి గదిలో గోల ఎప్పుడు లేస్తుందో ఒక్కరోజు గమనించండి. హాజరు పిలుస్తున్నప్పుడు, నోటు పుస్తకాలు దిద్దించుకోవడానికి పిల్లలు టీచరు చుట్టూ మూగినప్పుడు, ఒక తరగతికి పాఠం చెబుతుంటే ఇంకో తరగతికి చేతిలో పని అయిపోయినప్పుడు. అంటే పిల్లలు ఊరికే కాచుకుని ఉన్నప్పుడల్లా. కింద చెప్పే పద్ధతంతా ఆ ఖాళీలను పూడ్చడానికే.

1. ముందు గది సర్దండి

రెండు తరగతులనూ ఒకే బోర్డు వైపు కూర్చోబెట్టకండి. ఒక తరగతి ముందు గోడ వైపు, రెండోది పక్క గోడ వైపు తిరిగి ఉండాలి. అప్పుడు ఒకరి పాఠం ఇంకొకరి కళ్లకు అడ్డం రాదు. రెండో బోర్డు లేకపోతే గోడకు కింది భాగంలో పిల్లల చేతికందే ఎత్తున నల్లరంగు వేయిస్తే చాలు. ఎవరూ గుమ్మం వైపు ముఖం పెట్టి కూర్చోకూడదు; దారిన పోయే ప్రతి బండీ పాఠంలోకి వచ్చేస్తుంది.

చిన్న తరగతి వాళ్లను పట్టాల మీద అరచంద్రంలా కూర్చోబెట్టండి. వరసల్లో కూర్చుంటే చివరి వరస పిల్లలు టీచరుకు కనబడరు, వాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఏ పిల్లవాడి దగ్గరికైనా నాలుగడుగుల్లో చేరేలా మధ్యలో దారి వదలండి. పలకలు, బలపాలు, గింజలు నలుగురైదుగురికి ఒక డబ్బా చొప్పున వాళ్ల దగ్గరే ఉంచండి. బీరువాలో పెట్టి తాళం వేస్తే రోజూ పది నిమిషాలు పంచడానికీ పోగుచేయడానికీ పోతాయి.

2. హాజరు పిల్లలే వేసుకోవాలి

గోడకు గుడ్డ సంచుల పట్టీ ఒకటి తగిలించి, పిల్లల పేర్లున్న అట్టముక్కలు కింద పెట్టండి. లోపలికి రాగానే ఎవరి పేరు వాళ్లు వెతికి సంచిలో పెట్టాలి. ఒకటో తరగతి పిల్లలకు అదే మొదటి చదువు. నెల తిరిగేసరికి పక్కవాళ్ల పేర్లూ చదివేస్తారు. మీరు ఆ పట్టీ చూసి, తలలు లెక్కపెట్టుకుని రిజిస్టరు నింపండి. అప్పటికే బోర్డు మీద రెండు తరగతులకూ ఒక్కో చిన్న పని రాసి ఉండాలి.

3. మూడే నియమాలు, మొదటి వారమంతా సాధన

పది నియమాల చార్టు అధికారులు చూడ్డానికి బాగుంటుంది. పిల్లలకు మూడు చాలు. పైగా అవి చేయాల్సిన పనిగా ఉండాలి. ‘అరవొద్దు’ అంటే ఏం చేయాలో ఆరేళ్ల పిల్లకు తెలియదు. ‘పక్కవాళ్లకు మాత్రమే వినబడేలా మాట్లాడు’ అంటే తెలుస్తుంది. ఇలాంటి గదికి తప్పక కావాల్సిన నియమం ఒకటుంది. టీచరు వేరే తరగతితో ఉన్నప్పుడు సందేహం వస్తే ముందు పుస్తకం, తర్వాత పక్కవాళ్లు, తర్వాత జట్టు లీడరు, చివరికే టీచరు. మంచినీళ్లకు, ఒకటికి వెళ్లాలంటే గుమ్మం దగ్గర వేలాడే అట్ట మెడలో వేసుకుని వెళ్లాలి. అట్ట లేదంటే ఎవరో బయట ఉన్నట్టే. దీంతో చిటికెన వేలు చూపిస్తూ పాఠం మధ్యలో లేచి నిలబడడం ఆగుతుంది. ఆపుకోలేని పిల్లలకు మాత్రం అట్టతో పని లేదని ముందే చెప్పండి.

నిశ్శబ్దానికి ఒక గుర్తు పెట్టుకోండి: రెండు చప్పట్లు, ఒక చిటికె. పిల్లలు తిరిగి అదే చేసి, చేతులు దించి, మీ వైపు చూడాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, సగం మంది ఇంకా మాట్లాడుతుండగానే చెప్పడం మొదలుపెట్టడం. అలా రెండుసార్లు జరిగితే ఆ గుర్తుకు విలువ పోతుంది. డస్టరుతో బల్ల మీద కొట్టడం ఇంకా దండగ. ఈ వారం ఒక దెబ్బకు ఆగినవాళ్లు వచ్చే వారం మూడింటికి ఆగుతారు.

4. నలభై నిమిషాలను ఇలా విడదీయండి

మొదటి ఐదు నిమిషాలు రెండు తరగతులూ కలిసి: పాట, పొడుపుకథ, లేదా నోటిలెక్క. ‘బుట్టలో 12 మామిడికాయలున్నాయి, 5 ఇచ్చేశాం’ అన్నది రెండో తరగతికి, ‘అలాంటి బుట్టలు నాలుగుంటే?’ అన్నది మూడో తరగతికి.

తర్వాత పదిహేను నిమిషాలు ఒక తరగతికి పాఠం, ఇంకో తరగతికి సొంతపని. ముందు సొంతపని తరగతికి పని ఇవ్వండి. ఇచ్చాక ఒక నిమిషం అక్కడే నిలబడి, అందరి బలపాలూ కదిలాయని చూసుకుని అప్పుడు పాఠానికి కదలండి. ఈ నిమిషం మిగుల్చుకుందామని వెళ్లినవాళ్లు పాఠం మధ్యలో నాలుగుసార్లు వెనక్కి రావాల్సి వస్తుంది. ఆ తర్వాత పదిహేను నిమిషాలు తరగతులు మార్చండి. చివరి ఐదు నిమిషాలు చేసిన పని చూడడానికి.

సొంతపనిలోనే మొత్తం కిటుకంతా ఉంది. అది నిన్నటికే నేర్చుకున్నదై ఉండాలి. తప్పో ఒప్పో పిల్లలే చూసుకోగలగాలి. త్వరగా అయినవాళ్లకు ఇంకా మిగిలి ఉండాలి. కొన్ని నమూనాలు:

- క, ల, ప, డ, మ అక్షరాల అట్టముక్కలు రెండేసి ఇచ్చి పదాలు కట్టమనండి. కల, పలక, పడక, కలప, మడమ, కమల, కడప... ముగిసిపోదు, పోటీ కూడా నడుస్తుంది.
- ఇరవై చింతగింజలు ఇచ్చి, రెండు కుప్పలుగా ఎన్ని రకాలుగా పంచవచ్చో పలక మీద రాయమనండి.
- ముందు లెక్క, వెనక జవాబు ఉన్న అట్టలు. ఇద్దరిద్దరు కూర్చుని ఒకరినొకరు అడుగుతారు.
- తీసివేత చేసి, కూడి సరిచూసుకోవడం.

‘పాఠం చూసి రాయండి’ అంటే గది నిశ్శబ్దమవుతుంది, నిజమే. పదాన్ని పదిసార్లు రాయమన్నప్పుడు పిల్లల పుస్తకం చూడండి: మొదటి అక్షరం పైనుంచి కిందికి పదిసార్లు, తర్వాత రెండో అక్షరం పదిసార్లు. చేయి రాస్తుంది, చదవడం జరగదు.

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ సంస్థ ఇలాంటి ఒకే గది బడుల కోసమే మెట్లవారీ కార్డులు తయారుచేసింది. ఏ కార్డు సొంతంగా చేయాలో, ఏది టీచరుతో చేయాలో పిల్లలకు దాని మీది గుర్తే చెబుతుంది. 1995లో కర్ణాటక సర్కారు బడుల్లో మొదలైన నలి-కలి అనే బోధనా పద్ధతి దీన్ని చూసి వచ్చిందే. అంత ఏర్పాటు లేకపోయినా ఆ గుర్తుల ఆలోచనను తీసుకోవచ్చు: బోర్డు మీద పని పక్కన ఒక మనిషి బొమ్మ ఉంటే ఒక్కరే, ఇద్దరుంటే జతగా.

5. ప్రశ్న ముందు, పేరు తర్వాత

‘అర్థమైందా?’ ‘అయ్యింది సా...ర్!’ ఈ బృందగానం వల్ల ఎవరికి ఏం వచ్చిందో తేలదు. ప్రశ్న అడిగి, మనసులో మూడు లెక్కపెట్టి, అప్పుడు పేరు పిలవండి. టీచర్లు మామూలుగా ఒక్క సెకను కూడా ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవు, లోతు పెరుగుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు.

ఐస్‌క్రీం పుల్లల మీద పేర్లు రాసి గ్లాసులో వేసి తీయండి. తీసిన పుల్ల మళ్లీ గ్లాసులోకే వెళ్లాలి, లేదంటే ఒకసారి చెప్పినవాళ్లకు ఆ పూటకు సెలవే. లెక్కలకు పలక పద్ధతి మేలు: అందరూ రాసి పలక గుండెకు ఆనించుకుంటారు, ‘చూపించు’ అనగానే ఒక్కసారి ఎత్తుతారు. ఎవరు ఎక్కడ ఆగారో ఒక్క చూపులో తెలుస్తుంది.

6. ఒకరు అల్లరి చేస్తే

మొదట మాట్లాడకుండా దగ్గరికి వెళ్లి నిలబడండి, పాఠం ఆగకూడదు. తగ్గకపోతే వాళ్ల పుస్తకంలో చేయాల్సిన చోట వేలు పెట్టి చూపండి. ఆ తర్వాత మెల్లగా రెండు దారులు ఇవ్వండి: ‘ఇక్కడే చేస్తావా, ముందుకొచ్చి చేస్తావా?’ మిగతా మాట బెల్లు కొట్టాక, పక్కకు పిలిచి. కొట్టడం, మానసికంగా వేధించడం రెండింటినీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధిస్తుంది. ఎండలో నిలబెట్టడం, ‘మొద్దు’ అని పిలవడం కూడా మానాల్సినవే. ఆటల పీరియడు కోసేయకండి. ఎక్కువ అల్లరి చేసేవాళ్లకే అది ఎక్కువ అవసరం.

అల్లరి రోజూ ఒకే వేళకు వస్తే కారణం వెతకండి. భోజనానికి ముందైతే ఆకలి కావచ్చు. భోజనమయ్యాక అయితే మత్తు. అప్పుడు కూర్చుని వినే పాఠం తీసి, బొమ్మలు, చేతిపని, నాటకం పెట్టండి. బోర్డు చూసి రాసేటప్పుడే అయితే కంటిచూపు పరీక్ష చేయించండి. తండాలు, గూడేల నుంచి వచ్చే పిల్లలకు లంబాడీ, కోయ, గోండి ఇంటిభాష. చెప్పింది అర్థంకాక చేష్టలకు దిగుతుంటే, ఆ భాష తెలిసిన కాస్త పెద్ద పిల్లను పక్కన కూర్చోబెట్టండి.

7. లీడరుకు సుద్దముక్క ఇచ్చి వెళ్లకండి

‘మాట్లాడినవాళ్ల పేర్లు రాయి’ అన్న పాత అలవాటు ఇంకా పోలేదు. నచ్చనివాళ్ల పేర్లు ముందు ఎక్కుతాయి, చిక్కీ ముక్క ఇచ్చినవాళ్ల పేర్లు చెరిగిపోతాయి. లీడరుకు పనులే అప్పగించండి: డబ్బాలు పంచడం, జవాబు అట్టలు చూసి చెప్పడం, సందేహం విని తీర్చడం. ప్రతి సోమవారం లీడరు మారాలి, వెనకబడిన పిల్లలకూ వంతు రావాలి.

పత్తి తీతలప్పుడూ మిరప కోతలప్పుడూ కొందరు వారాల తరబడి రారు. తిరిగొచ్చిన రోజున అందరి ముందు ‘ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావు?’ అని నిలదీయకండి. ముందు రెండు రోజులు వాళ్లకు వచ్చిన పనే ఇచ్చి, ఒక జతగాణ్ని చూపండి. సొంతపని వేళలో రోజుకు ఐదు నిమిషాలు మీరు వాళ్ల పక్కన కూర్చుని, తప్పిపోయిన పాఠాల్లో తర్వాతి పాఠానికి తప్పనిసరైనవి మాత్రం చెప్పండి.