కార్బన్ ఫైబర్‌కి ఎపాక్సీ గట్టిగా పట్టాలంటే

డ్రోన్ ఆర్మ్ పొరలుగా విడిపోతోందా? విరిగిన చోట భూతద్దం పెట్టి చూడండి. పోగులు రెజిన్ (అంటే ఎపాక్సీ జిగురు) అంటకుండా, దువ్విన జుట్టులా నున్నగా బయటికొచ్చాయంటే అసలు పట్టు పడలేదన్నమాట.

కొత్త క్లాత్ అయితే కంపెనీలోనే ట్రీట్ చేసి సైజింగ్ (పోగుల మీద పల్చటి పూత) పూసి ఇస్తారు, అది ఎపాక్సీకి సరిపడేదైతే దాన్ని కదిలించొద్దు. ఈ తంటా అంతా ఏ సైజింగ్ ఉందో తెలియని పోగులకే.

ముందు ఆ పాత పూత పోయేలా అసిటోన్‌లో కొన్ని గంటలు నానబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. విజయవాడ ఆటోనగర్‌లో దొరికే పెయింట్ థిన్నర్ చవకే కానీ, అందులో ఏవేవో కలుస్తాయి, వద్దు. తర్వాత 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 5 గ్రాముల అమ్మోనియం బైకార్బొనేట్ కలిపి, అందులో ముంచిన పోగుల్ని పవర్ సప్లై ప్లస్‌కి, స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుని మైనస్‌కి కలిపి, కొద్ది వోల్టులతో ఒకటి రెండు నిమిషాలు కరెంటు పంపితే చాలు, పోగు పైభాగం ఎపాక్సీ పట్టేలా మారుతుంది. క్లిప్పు మాత్రం నీళ్లలో మునగకూడదు, మునిగితే అదే కరిగి పోగులకి అంటుకుంటుంది. కిటికీలు తెరిచి చేయండి. ఎక్కువసేపు ఉంచితే పోగే బలహీనపడుతుంది.

నైట్రిక్ యాసిడ్ పద్ధతీ ఉంది, ఇంట్లో వద్దే వద్దు. అసిటోన్‌తో కలిస్తే పేలుతుంది.

బాగా కడిగి, 100 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, మన ఉక్కపోతకి మళ్లీ చెమ్మ పట్టకముందే, అదే రోజు రెజిన్ పెట్టేయండి. కత్తిరించిన పోగు తునకలు జాగ్రత్త, వాటిలోంచి కరెంటు పారుతుంది. గుంటూరులో మా రూములో పవర్ సప్లై అలాగే పోయింది. ట్రీట్ చేసినదీ చేయనిదీ చెరో ముక్క చేసి, విరిచి పక్కపక్కన పెట్టి చూడండి.