మేడకు వెల్ల వేసే పద్ధతి: ఐదో అంతస్తు నుంచి

మాది మల్కాజిగిరిలో ఐదో అంతస్తు. నెత్తిన స్లాబు, దాని మీద సూర్యుడు. మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా మంచం మీద పక్క కాలేది, ఫ్యాను తిప్పితే పైనున్న వేడంతా కిందికి దిగేది. మూడేళ్ళ కిందట మా ఆయన రెండో ఏసీ కొందామంటే, ముందు మేడకు సున్నం కొట్టి చూద్దామన్నాను.

మాసిపోయిన కాంక్రీటు పగలంతా ఎండ తాగి, రాత్రంతా గదిలోకి కక్కుతుంది. ఏసీ ఆ వేడిని తీసుకెళ్ళి వీధిలో పోస్తుంది. దాన్ని నడిపే కరెంటులో ఎక్కువ భాగం రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల బొగ్గు మండిస్తే వచ్చేదే. మన దేశపు గ్రిడ్డు మీద ఒక్క యూనిట్టుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. 2017లో మన హైదరాబాద్‌లోనే దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ళ మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూస్తే, లోపల వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. మా హాల్లో గోడ థర్మామీటరు కూడా ఇంచుమించు అదే చెప్పింది.

అపార్ట్‌మెంట్‌లో అసలు పని సున్నంతో కాదు, మనుషులతో. మీటింగులో "ఏమ్మా, మాకు చూనా పెడతావా?" అని నవ్వారు. ఖర్చు నాదే, మా ఫ్లాటు పైభాగమే అంటే ఊరుకున్నారు. వడియాలు, మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని ఆడవాళ్ళు అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్న. వాళ్ళ కోసం ఒక మూల వదిలేశాను. మీరూ వదలండి.

పని ఫిబ్రవరి చివర్లో పెట్టుకోండి. మా 1,000 చదరపు అడుగులకు రెండు పూతలకు పాతిక కిలోల సున్నం పట్టింది. ముందు రోజు డ్రమ్ములో నానబెట్టండి. రాయి సున్నమైతే నీళ్ళలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్ళు పోయకూడదు. ఉడికి చిమ్ముతుంది, పల్చటి ప్లాస్టిక్ బకెట్టైతే కరిగిపోతుంది కూడా. చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే అక్కడే చాలాసేపు నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరకు పరుగెత్తండి.

ఉదయం మేడ ఊడ్చి, నాచు గీకి, కడిగేయండి. పగుళ్ళుంటే వైట్ సిమెంటుతో పూడ్చండి. సున్నాన్ని పాత చీర గుడ్డలో వడగట్టి, కిలో ఫెవికాల్ వేసి మజ్జిగంత పల్చగా కలపండి. ఈ ఫెవికాల్ దగ్గరే నేను మొదటి ఏడాది పొదుపుకు పోయాను. ఏప్రిల్లో ఒక్క గాలివానకు సున్నమంతా పైపుల్లోంచి దిగి, కింద ఆరేసిన బట్టల మీద బొట్లు పెట్టింది. వారం రోజులు లిఫ్టులో తల దించుకున్నాను.

సాయంత్రం ఎండ దిగాక నేల తడిపి, పొడుగు కర్ర చీపురుతో ఒకవైపుగా పూయండి. వేడి స్లాబు మీద పూస్తే పట్టదు, పొడిగా రాలిపోతుంది. మర్నాడు పొద్దున కాస్త నీళ్ళు చల్లి, సాయంత్రం రెండో పూత అడ్డంగా వేయండి.

వర్షాకాలం దాటాక సగం పోతుంది కాబట్టి ఇది ఏటా చేసే పని. అంత ఓపిక లేనివాళ్ళు కూల్ రూఫ్ పెయింటు, అంటే ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు, వేయించుకోవచ్చు, ఖరీదు ఎక్కువైనా కొన్నేళ్ళు ఉంటుంది. కొత్తగా కట్టుకునేవాళ్ళకు ఒక మాట: తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023లో వచ్చింది, 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్ళకు ఇలా ఎండను తిప్పికొట్టే పైకప్పు తప్పనిసరి.

ఇది చేశాక ఏసీ 26 మీద పెట్టి ఫ్యాను తిప్పితే చాలు. రెండో ఏసీ మేం కొననే లేదు. పర్యావరణం కోసం తడి చెత్త వేరు చేయడం, మెట్రో ఎక్కడం, సోలారు పెట్టించడం అన్నీ మంచివే, కానీ అద్దెకున్నవాళ్ళు కూడా ఓనరును ఒప్పించి రెండు సాయంత్రాల్లో ముగించగలిగే పని ఇది.

ఆరేదాకా మేడ తలుపుకు తాళం వేయండి. నేను మరిచిపోయాను. నాలుగో అంతస్తు పిల్లాడి తెల్లటి అడుగులు మెట్ల మీద కింద గేటు దాకా ఉన్నాయి.