బరువు తక్కువగా పుట్టిన బిడ్డను ఇంట్లో కనిపెట్టుకోవడం ఎలా?

37 వారాలు నిండకముందే గానీ, 2,500 గ్రాముల కంటే తక్కువ బరువుతో గానీ పుట్టిన బిడ్డకు చర్మం కింద కొవ్వు పలుచగా ఉండడంవల్ల ఒంటి వేడి త్వరగా తగ్గిపోతుంది. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చలి సోకిందని, రెండూ చల్లబడితే ప్రమాదమని గ్రహించాలి. డైపరు, టోపీ, సాక్సులు మాత్రమే ఉంచి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా నిటారుగా ఆనించి, పైన వస్త్రం చుట్టాలి. రోజుకు కనీసం 8 గంటలు సాగవలసిన ఈ కంగారూ సంరక్షణను తండ్రి, అమ్మమ్మ కూడా పంచుకోవచ్చు.

తల్లిపాలు రెండు మూడు గంటలకొకసారి పట్టాలి. చప్పరించే శక్తి చాలకపోతే, వైద్యులు చెప్పిన మేరకు, పిండిన పాలను శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. సాంబ్రాణి పొగ, ముక్కులో నూనె చుక్కలు మాత్రం, పెద్దలు నొచ్చుకున్నా సరే, వద్దు.

బిడ్డ నిశ్చింతగా ఉన్నప్పుడు నిమిషంపాటు లెక్కించిన శ్వాస 60కి చేరినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానినా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు, అరికాళ్లు పసుపెక్కినా, ఒంటి వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, ఎంత వెచ్చగా చుట్టినా ఒళ్లు చల్లగానే ఉన్నా, తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, నవజాత శిశువుల ప్రత్యేక విభాగమున్న ఆసుపత్రికి తరలించాలి. జ్వరం లేదు కదా అని ఊరుకోకూడదు. ఇంత చిన్న బిడ్డలలో ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండానే ముదరవచ్చు. దారిలోనూ బిడ్డను గుండెకు హత్తుకునే ఉంచాలి.

34 వారాలలోపు గానీ, 2,000 గ్రాములలోపు గానీ పుట్టినవారికి నెల నిండేలోగా రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష తప్పనిసరి. పైకి కళ్లు బాగానే కనిపించినా దీనిని వాయిదా వేయకూడదు.