గ్లాస్టన్‌బరీలో మొహమాటం పోవాలంటే వేషం కట్టండి

ఇంగ్లండ్‌లో ఒక పొలంలో జరిగే పెద్ద సంగీత ఉత్సవం గ్లాస్టన్‌బరీకి మొదటిసారి జీన్స్, నల్ల జాకెట్‌తో వెళ్లాను. చుట్టూ రెండు లక్షల మంది, ఎదురుగా ఎన్నో ఏళ్లుగా వింటున్న బ్యాండు, అయినా ఆఫీసు మీటింగులో ఉన్నట్టు చేతులు కట్టుకునే నిలబడ్డాను. రెండోసారి కోడిపుంజు వేషం కట్టాను. టెంట్‌లోంచి కుళాయి దాకా నడిచేలోపే వాళ్ల నాన్న భుజాలమీద కూర్చున్న ఒక పాప నన్ను చూసి కూత కూసింది, నేనూ తిరిగి కూశాను, అంతే, మొహమాటం ఎటు పోయిందో తెలీదు.

వేషంలో ఉంటే జనం చూసేది పుంజుని, మిమ్మల్ని కాదు. పైగా పలకరించడానికి వాళ్లకో వంక దొరుకుతుంది, ఒక్కరే వెళ్లినవాళ్లకి ఇది చాలా పెద్ద సాయం. తిరుపతి గంగమ్మ జాతరలో ఒళ్లంతా బొగ్గు పూసుకుని ‘తోటి’ అనే వేషం కట్టినవాళ్లని చూసుంటే మీకిది కొత్త కాదు. అక్కడ అది మొక్కు, ఇక్కడ సరదా, కానీ వేషం పడగానే నడక మారిపోవడం మాత్రం రెండుచోట్లా చూశాను.

మీకు ఏదో ఒక బంధం ఉన్న వేషమే ఎంచుకోండి. మాది భీమవరం వైపు, పుంజంటే నాకు సంక్రాంతి, అందుకే అందులో ఇమిడిపోగలిగాను. ఇంకొకరి నమ్మకానికి సంబంధించినవి మాత్రం వద్దు. అమెరికా ఆదివాసుల ఈకల తలపాగాలను అనుమతి లేకుండా గ్లాస్టన్‌బరీ దుకాణాల్లో అమ్మకూడదని నిర్వాహకులు 2014లోనే చెప్పారు.

కుట్టేటప్పుడు తలా నడుమూ చూసుకుంటే చాలు. ఉన్ని టోపీ మీద ఎర్ర ఫెల్ట్ గుడ్డ రెండు పొరలుగా కుట్టి, మధ్యలో దూది కూరాను, లేకపోతే పుంజు జుట్టు తడికి వాలిపోతుంది. తోకకి అమ్మ పాత చీరల జరీ అంచులు కత్తిరించి బెల్టుకి కట్టాను, మోకాలు దాటకుండా, ఎందుకంటే వాన పడితే అక్కడ బురద మామూలుగా ఉండదు. ఈకలు, ప్లాస్టిక్ మెరుపులు వాడొద్దు. అది ఆవులు మేసే పొలం, రాలినవన్నీ అక్కడే మిగిలిపోతాయి.

వేషం రెయిన్‌కోటు మీద కూడా పట్టాలి, కాళ్లకి గమ్‌బూట్లు తప్పనిసరి. మెడ నుంచి కాళ్లదాకా ఒకటే జిప్పు ఉన్న వేషం కొనకండి, లోతైన గొయ్యి మీద కట్టిన ఆ మరుగుదొడ్లలో దాన్ని మొత్తం విప్పాలి, అక్కడితో ఉత్సాహమంతా నీరుగారిపోతుంది. నోరూ చెవులూ మూసే ముసుగు కూడా వద్దు, వెళ్లింది పాటలు వినడానికే కదా.

పెద్ద స్టేజీలు మొదలయ్యేది శుక్రవారం, మీరు గురువారమే వేషం కట్టేయండి. మొదటి అరగంట ఇబ్బందిగానే ఉంటుంది, అప్పుడు ఒకచోట నిలబడకుండా తిరుగుతూ ఉండండి, ఎవరైనా నవ్వితే మీరూ నవ్వండి. ఆకలేసినా నిద్ర లేకపోయినా వేషం ఏమీ చెయ్యలేదు, అలాంటప్పుడు తీసేసి తినండి, పడుకోండి, మళ్లీ కట్టుకోండి.

2026లో పొలానికి విశ్రాంతి ఇచ్చారు, ఉత్సవం లేదు. తర్వాతిదానికి కుట్టుకోవడానికి బోలెడు టైం ఉంది, ఎర్ర ఫెల్ట్ అర మీటరు సరిపోతుంది.