ఎలీట్ డేంజరస్‌లో జంప్ రేంజ్ పెంచుకోవడం ఎలా: బరువు, ఫ్యూయల్ లెక్క

ఎలీట్ డేంజరస్ అనే స్పేస్ గేమ్ కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళందరికీ వచ్చే డౌట్ ఒకటే, నా ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్ షిప్ ఒక్క జంప్‌కి (ఒక స్టార్ సిస్టమ్ నుంచి ఇంకోదానికి దూకడం) 14 లైట్ ఇయర్లే పోతోంది, అదే షిప్‌తో వేరేవాళ్ళు 60 దాటి పోతున్నారు, ఏం చేశారు వాళ్ళు అని. ఈ గేమ్‌లో మన పాలపుంత మొత్తం ఉంది, 40 వేల కోట్ల స్టార్ సిస్టమ్‌లు, సోల్ (మన సూర్యుడి సిస్టమ్) నుంచి గెలాక్సీ మధ్యలో ఉన్న సాజిటేరియస్ ఏ స్టార్‌కి దాదాపు 25,900 లైట్ ఇయర్లు. తిన్నగా లెక్కేసుకున్నా 14 రేంజ్‌తో 1,850 జంప్‌లు, 64 రేంజ్‌తో 405. అంటే రేంజ్ పెంచుకోవడం షోకు కాదు, ఆ ట్రిప్ పూర్తి చేస్తామా సగంలో విసుగొచ్చి ఆపేస్తామా అనేది దీనిమీదే ఆధారపడి ఉంది.

ముందు లెక్క అర్థం చేసుకుంటే మిగతాదంతా ఈజీ. షిప్‌ని జంప్ చేయించేది ఫ్రేమ్ షిఫ్ట్ డ్రైవ్, ఎఫ్‌ఎస్‌డీ అంటాం. దానికి రెండు నంబర్లు ముఖ్యం. ఒకటి ఆప్టిమైజ్డ్ మాస్ (డ్రైవ్ ఎంత బరువుకి తగ్గట్టు తయారైందో చెప్పే నంబర్), రెండోది ఒక్క జంప్‌కి మాక్సిమం ఎంత ఫ్యూయల్ కాల్చగలదు అనేది. రేంజ్ అనేది ఆప్టిమైజ్డ్ మాస్‌ని మీ షిప్ మొత్తం బరువుతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. మొత్తం బరువంటే హల్ (షిప్ బాడీ), మాడ్యూల్స్ (అందులో బిగించే పరికరాలు), కార్గో, ట్యాంక్‌లో ఉన్న ఫ్యూయల్ అన్నీ కలిపి. కాబట్టి బరువు 10 శాతం పెరిగితే రేంజ్ ఇంచుమించు 9 శాతం పడిపోద్ది, బరువు రెట్టింపైతే రేంజ్ సగం. ఇంజన్ పవర్‌తో గానీ షిప్ స్పీడ్‌తో గానీ దీనికి సంబంధం లేదు, చాలామంది ఇక్కడే పొరపాటు పడి థ్రస్టర్స్ మీద డబ్బులు పెట్టేస్తారు.

అందుకే మొదటి ఖర్చు ఎప్పుడూ ఎఫ్‌ఎస్‌డీ మీదే పెట్టండి. ఆస్ప్‌తో వచ్చే 5ఈ (సైజ్ 5, ఈ రేటింగ్) డ్రైవ్‌కి ఆప్టిమైజ్డ్ మాస్ 560 టన్నులు, జంప్‌కి 3.3 టన్నుల ఫ్యూయల్. 5ఏ డ్రైవ్‌కి 1,050 టన్నులు, 5 టన్నుల ఫ్యూయల్. రెండిటి బరువూ 20 టన్నులే! షిప్ 401 టన్నులు ఉందనుకుందాం, 5ఈతో 14.3 లైట్ ఇయర్లు వస్తాయి, అదే షిప్‌లో డ్రైవ్ ఒక్కటి మారిస్తే 30.7. ధర 51 లక్షల క్రెడిట్లు దాకా ఉంటుంది, షిప్ ధరే 66 లక్షలు కదా డ్రైవ్‌కి ఇంత పెట్టాలా అనిపిస్తుంది, కానీ పెట్టండి, దీనంత తేడా తెచ్చే కొనుగోలు ఇంకోటి లేదు.

తర్వాత బరువు దించడం. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, మామూలుగా ప్రతి సైజులోనూ డీ రేటింగ్ మాడ్యూల్ అన్నిటికన్నా తేలిక, బీ అన్నిటికన్నా బరువు, ఈ, సీ, ఏ మధ్యలో. సైజ్ 5 సెన్సార్స్ ఈ అయితే 20 టన్నులు, డీ అయితే 8. కాబట్టి ఆస్ప్‌లో సెన్సార్స్ 5ఈ నుంచి 5డీ చేస్తే 12 టన్నులు, థ్రస్టర్స్ అలాగే మారిస్తే ఇంకో 12, లైఫ్ సపోర్ట్ 4డీకి 6, పవర్ డిస్ట్రిబ్యూటర్ 4డీకి 6, మొత్తం 36 టన్నులు పోయాయి. 401 కాస్తా 365 అయింది, రేంజ్ 30.7 నుంచి 33.7కి పెరిగింది. డీ మాడ్యూల్స్ చవక కూడా, ఏ రేటింగ్‌వి కొని సెన్సార్స్ మీద లక్షలు తగలేయడంలో ఎక్స్‌ప్లోరేషన్‌కి ఏ లాభమూ లేదు. డిస్ట్రిబ్యూటర్ సైజు ఇంకా తగ్గించొచ్చు గానీ మరీ తగ్గిస్తే బూస్ట్ (కాసేపు స్పీడ్ పెంచేది) పనిచేయదు, ఒకసారి చూసుకోండి. షీల్డ్ మాత్రం పూర్తిగా తీసేయొద్దు, చిన్నది 3డీ ఒకటి పెట్టుకుంటే 2 టన్నులే, ప్లానెట్ మీద దిగేటప్పుడు కాస్త గట్టిగా తగిలినా హల్ పాడవ్వదు. ఆయుధాలు తీసేయొచ్చు. స్టార్ దగ్గరికెళ్ళి ఫ్యూయల్ లాక్కునే ఫ్యూయల్ స్కూప్‌కి అసలు బరువే లేదు, కాబట్టి షిప్‌లో పట్టేంత పెద్దది పెట్టండి, ఆస్ప్‌లో సైజ్ 6 స్లాట్ ఉంది, 6ఏ స్కూప్ సెకనుకి 878 కిలోలు లాగుద్ది, ఒక్క జంప్ ఫ్యూయల్ ఆరేడు సెకన్లలో నిండిపోద్ది.

ఇప్పుడు నంబర్లు చదవడం దగ్గరకొద్దాం. కోరియోలిస్, ఈడీఎస్‌వై లాంటి షిప్ ప్లానర్ వెబ్‌సైట్లలో ఒకే షిప్‌కి మూడు రేంజ్‌లు కనిపిస్తాయి. మాక్స్ అంటే ట్యాంక్‌లో ఒక్క జంప్‌కి సరిపడా ఫ్యూయల్ మాత్రమే ఉన్నప్పుడు, అన్‌లాడెన్ అంటే ఫుల్ ట్యాంక్, కార్గో ఖాళీ, లాడెన్ అంటే ఫుల్ ట్యాంక్ ప్లస్ ఫుల్ కార్గో. మన 365 టన్నుల ఆస్ప్‌కి మాక్స్ 36.4, అన్‌లాడెన్ 33.7, 64 టన్నుల కార్గో నింపితే 28.7. ఎవరైనా "నాది 36 రేంజ్" అంటే ఏ నంబరో అడగండి, నిజంగా ప్రయాణంలో పనికొచ్చేది అన్‌లాడెన్ నంబరే, ట్రేడింగ్ చేసేవాళ్ళకైతే లాడెన్. ఇంకో విషయం, లింపెట్స్ (మైనింగ్ లాంటి పనులకి వాడే చిన్న డ్రోన్లు) ఒక్కోటి 1 టన్ను కార్గో కింద లెక్క, మైనింగ్‌కి కొన్నవి 30 మిగిలిపోయి ఉంటాయి, అవి మోసుకుంటూ రేంజ్ ఎందుకు తగ్గిందో అర్థంకాక తిరుగుతుంటారు. బయల్దేరే ముందు ఇన్వెంటరీ ఓపెన్ చేసి చూడండి.

ఫ్యూయల్ కూడా బరువే అన్నాను కదా. ఆస్ప్ ట్యాంక్ 32 టన్నులు, అది 8 టన్నులకి దిగితే షిప్ 341 టన్నులు అవుద్ది, రేంజ్ 33.7 నుంచి 36.1కి పెరుగుద్ది. మరి చిన్న ట్యాంక్ పెట్టుకుంటే? 16 టన్నుల ట్యాంక్ పెడితే ఫుల్‌గా ఉన్నప్పుడు కూడా 35.3 వస్తుంది, కానీ మూడు ఫుల్ జంప్‌లకే అయిపోద్ది, 32 టన్నులతో ఆరు. ప్రతి స్టార్ దగ్గరా స్కూప్ చేసుకుంటూ పోయే అలవాటుంటే చిన్న ట్యాంక్ పర్లేదు. నా మటుకు నేను ఒకటిన్నర లైట్ ఇయర్ కోసం మూడు జంప్‌ల భద్రత వదులుకోను, గెలాక్సీ అంచుల్లో ఆ మూడు జంప్‌లే మనల్ని బయటపడేస్తాయి.

ఇక అసలైన సంగతి, చాలామంది చెప్పనిది, ఫ్యూయల్ ఖర్చు దూరంతో సమానంగా పెరగదు. సైజ్ 5 డ్రైవ్‌కి దూరాన్ని 2.45 ఘాతానికి లెక్కేస్తారు (సైజ్ 2కి 2.0, సైజ్ 8కి 2.9, పెద్ద డ్రైవ్‌కి ఇంకా ఎక్కువన్నమాట). అంటే రేంజ్‌లో సగం దూరం జంప్ చేస్తే సగం ఫ్యూయల్ కాదు, 18 శాతమే ఖర్చవుద్ది. ఫుల్ జంప్‌కి 5 టన్నులైతే సగం జంప్‌కి 0.9 టన్నులు, అలాంటివి రెండు చేసి అదే దూరం వెళ్ళినా 1.8 టన్నులే. గెలాక్సీ మ్యాప్‌లో ఫాస్టెస్ట్, ఎకనామికల్ అని రెండు రూట్‌లు ఉండేది ఇందుకే. ఎకనామికల్‌లో జంప్‌లు బాగా ఎక్కువ కాబట్టి రోజూ వాడేది కాదు, కానీ ఫ్యూయల్ తక్కువగా ఉండి స్కూప్ చేసే స్టార్ దూరంగా ఉన్నప్పుడు ఈ ఆప్షన్ ఒక్కటే దిక్కు.

స్కూప్ చేయగలిగే స్టార్లు కే, జీ, బీ, ఎఫ్, ఓ, ఏ, ఎం, కలిపి కేజీబీ ఫోమ్ అని గుర్తుపెట్టుకుంటారు. ఎల్, టీ, వై అనేవి బ్రౌన్ డ్వార్ఫ్‌లు, వాటి నుంచి చుక్క ఫ్యూయల్ రాదు. గెలాక్సీ మ్యాప్‌లో స్టార్ క్లాస్ ఫిల్టర్ పెట్టి ఈ ఏడూ టిక్ చేసి, ఆ ఫిల్టర్‌ని రూట్‌కి కూడా అప్లై చేయండి. ఇది ఒక్కసారి చేసే పని, తర్వాత ఎన్నో రాత్రులు ప్రశాంతంగా ఆడుకోవచ్చు.

ఇంకా కావాలంటే ఇంజనీరింగ్, అంటే మాడ్యూల్స్‌ని మార్పించి మెరుగుపరచుకోవడం. డెసియాట్ సిస్టమ్‌లో ఫెలిసిటీ ఫార్సీర్ అనే ఇంజనీర్ ఉంటుంది, ఆమె గ్రేడ్ 5 దాకా చేస్తే ఆప్టిమైజ్డ్ మాస్ 55 శాతం పెరుగుద్ది, డ్రైవ్ బరువు మాత్రం 20 నుంచి 26 అవుద్ది, అది పెద్ద తేడా కాదు. పైన మాస్ మేనేజర్ ఎఫెక్ట్ పెడితే ఇంకో 4 శాతం. మన షిప్ ఇప్పుడు 53.5 దగ్గర ఉంది. గార్డియన్ (గేమ్‌లోని పాత ఏలియన్ జాతి) ఎఫ్‌ఎస్‌డీ బూస్టర్ సైజ్ 5ది సంపాదిస్తే 10.5 లైట్ ఇయర్లు కలుస్తాయి, బరువు 1.3 టన్నులే, దాంతో దాదాపు 64. గార్డియన్ శిథిలాల్లో మెటీరియల్స్ పోగుచేయడానికి ఒక సాయంత్రం పోద్ది గానీ అన్ని షిప్‌లకీ వాడుకోవచ్చు. న్యూట్రాన్ స్టార్ జెట్‌లో దూరి డ్రైవ్ ఛార్జ్ చేస్తే ఒక జంప్‌కి రేంజ్ నాలుగింతలు, వైట్ డ్వార్ఫ్‌తో ఒకటిన్నర రెట్లే, పైగా దాని జెట్ ప్రమాదం, వదిలేయడం మంచిది. న్యూట్రాన్ స్టార్ నుంచి స్కూప్ చేయలేం కాబట్టి ఆ దారిలో పోయేవాళ్ళకి పెద్ద ట్యాంకే కరెక్ట్, జెట్‌లో అలా ఛార్జ్ చేసిన ప్రతిసారీ డ్రైవ్ కొంచెం దెబ్బతింటుంది, రిపేర్‌కి ఏఎఫ్‌ఎంయూ (మాడ్యూల్స్‌ని దారిలోనే బాగుచేసే పరికరం) పెట్టుకోండి, దానికీ బరువు లేదు.

ఈ లెక్కలన్నీ ఎలీట్‌కే, ప్రతి స్పేస్ గేమ్‌కీ వర్తించవు. ఈవ్ ఆన్‌లైన్‌లో జంప్ డ్రైవ్ రేంజ్‌కి బరువుతో పనే లేదు, షిప్ రకం, పైలట్ స్కిల్ బట్టి ఉంటుంది, బరువు లెక్కకొచ్చేది వార్మ్‌హోల్ దగ్గర, ఎంత మాస్ దాటాక అది మూసుకుపోద్దో దానికో పరిమితి ఉంది.

చివరగా, ఫ్యూయల్ దాదాపు అయిపోయినప్పుడు ఏం చేయాలి. ఇది నాకు జరిగింది. ఫిల్టర్ పెట్టకుండా రూట్ వేసుకుని పోతుంటే వరసగా బ్రౌన్ డ్వార్ఫ్‌లే తగిలాయి, చూసుకునేసరికి ట్యాంక్‌లో 1 టన్ను. చేతులు ఆడలేదు నిజంగా, నెల రోజుల మ్యాపింగ్ డేటా షిప్‌లోనే ఉంది, పేలిపోతే మొత్తం పోద్ది. అప్పుడు ఆ 2.45 గుర్తొచ్చింది. ఫుల్ జంప్ ఫ్యూయల్‌లో ఐదోవంతు ఉంటే దూరం ఐదోవంతు కాదు, 52 శాతం వస్తుంది. ఖాళీ ట్యాంక్‌తో నా షిప్ 334 టన్నులే ఉంది కాబట్టి పూర్తి రేంజ్ 36.9, అందులో 52 శాతం అంటే 19. గెలాక్సీ మ్యాప్‌లో 19 లోపు వెతికితే 17 లైట్ ఇయర్ల దూరంలో కే క్లాస్ స్టార్ ఒకటి దొరికింది, దిగగానే స్కూప్ తెరిచి అలా కూర్చుండిపోయాను.

అలాంటి స్టార్ కూడా దొరకకపోతే అక్కడే ఆగిపోండి, సూపర్‌క్రూజ్‌లో (ఒకే సిస్టమ్ లోపల వేగంగా తిరిగే మోడ్) తిరగొద్దు, అది కూడా ఫ్యూయల్ తినేస్తుంది. అక్కర్లేని మాడ్యూల్స్ ఆపేయండి, ఆక్సిజన్ టైమర్ మొదలైతే వెంటనే మెయిన్ మెనూకి లాగౌట్ అవ్వండి, అప్పుడు టైమ్ ఆగుద్ది. తర్వాత ఫ్యూయల్ ర్యాట్స్‌ని పిలవండి, ఫ్యూయల్ అయిపోయినవాళ్ళ కోసమే పనిచేసే ప్లేయర్ల గ్రూప్ అది, పైసా తీసుకోరు, ఎంత దూరమైనా వస్తారు. వాళ్ళు చెప్పేదాకా మాత్రం మళ్ళీ లాగిన్ అవ్వొద్దు.