రాక్షసి తంగడి యుద్ధాన్ని ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో కట్టడం ఎలా

నేను మొదట కట్టిన రాక్షసి తంగడి యుద్ధం 4 నిమిషాల్లో అయిపోయింది. 1565లో దక్కన్ సుల్తానుల చేతిలో ఓడిపోయిన విజయనగరమే గెలిచింది. ఎలాగంటే గోల్కొండ, బీజాపూర్, అహ్మద్‌నగర్ సైన్యాలు కృష్ణకు అవతలి ఒడ్డునే ఒకదాన్నొకటి నరుక్కున్నాయి. విజయనగరాన్ని నడిపిన రామరాయలకు కత్తి దుయ్యాల్సిన పని కూడా పడలేదు. తప్పు నాదే. ఆటలో మన యుద్ధాలు మనమే కట్టుకునే సినారియో ఎడిటర్‌లో అందరూ అందరికీ శత్రువులుగానే మొదలవుతారు. డిప్లొమసీ ట్యాబ్ తెరిచి వాళ్లను మిత్రులుగా మార్చడం మర్చిపోయాను. అదీ రెండు వైపులా మార్చాలి: గోల్కొండకు బీజాపూర్ మిత్రుడైతే చాలదు, బీజాపూర్‌కు గోల్కొండ కూడా మిత్రుడు కావాలి. అయినా 1565కు ముందు చాలా ఏళ్లు ఆ సుల్తానులు చేసిన పని అదే. రామరాయలు బతికినంతకాలం బతికింది కూడా వాళ్ల తగాదాల మీదే.

నాది ఆదోని. పగలంతా జీఎస్టీ రిటర్నులు. 2003లో నెట్ సెంటర్‌లో గంటకు 15 రూపాయలిచ్చి ఈ ఆట నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంట్లో డెఫినిటివ్ ఎడిషన్ ఉంది, సెలవులకు వచ్చే అక్క కొడుకు ఉన్నాడు. ఇద్దరం నాలుగుసార్లు కట్టి, నాలుగుసార్లు చెరిపాం. ఐదోది నిలబడింది. ఎలా కట్టామో చెబుతాను. ఆట ఆడటం వచ్చి, సినారియో ఎడిటర్ ఎప్పుడూ తెరవనివాళ్ల కోసం ఇది.

ముందు మ్యాప్. దీన్నే తళ్ళికోట యుద్ధం అని కూడా అంటాం గానీ ఆ యుద్ధం తళ్ళికోటలో జరగలేదు. అది కృష్ణకు ఉత్తరాన సుల్తానుల సైన్యాలు కలుసుకున్న ఊరు. పోరు జరిగింది రక్కసగి, తంగడగి అనే పల్లెల దగ్గర, నది పక్కన. కాబట్టి మ్యాప్‌లో కోటలూ బురుజులూ పెట్టకండి. 200 గడుల నార్మల్ సైజు తీసుకోండి. మధ్యలో అడ్డంగా నది గీయండి. చెట్లు పలచగా చల్లండి. అది జనవరి నెల, నదిలో నీళ్లు తగ్గి ఉన్నాయి, రేవులో నడిచి దాటొచ్చు. ఆటలో రేవుకు షాలోస్ అనే నేల ఉంది, దాన్ని రెండు చోట్ల వేయండి. ఒకటి మధ్యలో, అసలు రేవు. రెండోది తూర్పున బాగా దూరంగా. ఈ రెండో రేవు నా కల్పన. అది ఎందుకు కావాలో తర్వాత తెలుస్తుంది.

ప్లేయర్లు ఏడుగురు. ఒకటో ప్లేయర్ మీరు, అంటే రామరాయల తమ్ముళ్లు తిరుమల, వెంకటాద్రుల దళాలు. రెండు, రామరాయలు, ఆయన చుట్టూ ఉండే కాపలా. మూడు అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాంషా, నాలుగు బీజాపూర్ అలీ ఆదిల్‌షా, ఐదు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా, ఆరు బీదరుకు చెందిన అలీ బరీద్. ఏడో ప్లేయర్ ఎవరూ కాదు. అతనికి మూలన ఒక ఇల్లు పెట్టి వదిలేయండి, లేకపోతే ఆట మొదలైన క్షణమే అతను ఓడిపోయాడని మెసేజ్ వస్తుంది. కంప్యూటర్ ప్లేయర్లందరికీ ఏఐ తీసేయండి. ఉంచితే గోల్కొండవాళ్లు యుద్ధం మానేసి కట్టెలు కొట్టుకుంటారు. విజయ నియమాన్ని కస్టమ్‌లో పెట్టండి, గెలుపోటములు మీ ట్రిగ్గర్లే, అంటే 'ఇది జరిగితే అది చెయ్యి' అని మీరు రాసిపెట్టే ఆదేశాలే, తేల్చాలి.

ఆటలో ఉన్న నాగరికతల్లోంచి విజయనగరానికి ద్రావిడియన్స్, మిగతావాళ్లకు హిందూస్తానీస్ తీసుకున్నాం. రంగుల దగ్గర మేనల్లుడు నలుగురు సుల్తానులకూ ఆకుపచ్చ ఛాయలే వేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. రామరాయల సైన్యంలో ముస్లిం సేనానులున్నారు. ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు, తర్వాత తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడన్నారు. రెండు రంగుల్లో ఒదిగే కథ కాదిది. గోల్కొండకు పసుపు వేశాం.

సైన్యాలను నిలబెట్టేటప్పుడు అంకెల జోలికి పోకండి. పాత రాతల్లో లక్షల్లో చెబుతారు, అవి నమ్మేవి కావు, మీ ల్యాప్‌టాప్ మోసేవీ కావు. వరస మాత్రం పాటించండి. ఎడమ తిరుమల, ఎదురుగా బీజాపూర్. మధ్యలో రామరాయలు, ఎదురుగా అహ్మద్‌నగర్. కుడి వెంకటాద్రి, ఎదురుగా గోల్కొండ, బీదరు. విజయనగరానికి ఏనుగులు ఎక్కువ పెట్టండి, కానీ మా రెండో ప్రయత్నంలోలా రేవులో 80 ఏనుగులు ఇరుక్కునేంత వద్దు. దారి దొరక్క అవి గిరగిర తిరుగుతుంటే మావాడు పడీపడీ నవ్వాడు.

ఇక అసలు పని. ఈ యుద్ధాన్ని మూడు విషయాలు తేల్చాయి. ఆట ఈ మూడింట్లో ఒక్కటీ తనంతట తాను చేయదు, ట్రిగ్గర్లతో మీరే చేయించాలి.

మొదటిది రేవు దగ్గర మోసం. దక్షిణపు ఒడ్డున విజయనగరం కాపలా గట్టిగా ఉండటంతో సుల్తానులు వేరే చోట దాటబోతున్నట్టు నది వెంట కదిలారు. ఇటువైపు సైన్యం కూడా వాళ్లతో పాటు కదిలింది. మూడో రోజు రాత్రి వాళ్లు గభాలున వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న పాత రేవులోంచి దాటేశారు. దీనికి ఒక నిమిషాన్ని ఒక రోజు అనుకోండి. టైమర్ 20 సెకన్లు అవగానే టాస్క్ ఆబ్జెక్ట్ ఎఫెక్ట్‌తో నాలుగు సైన్యాలనూ తూర్పుకు నడిపించండి, ఒక్కో సుల్తానుకు ఒక్కో ఎఫెక్ట్. టైమర్ 180 కాగానే మళ్లీ పాత రేవుకు. మరి ఆటగాడు కదలకుండా కూర్చుంటే? రెండో రేవు అందుకే. అక్కడ మీ మనుషులు 10 మంది కూడా లేకపోతే శత్రువు నిజంగానే అక్కడ దాటేలా ఇంకో ట్రిగ్గర్ పెట్టండి. ఆబ్జెక్ట్స్ ఇన్ ఏరియా కండిషన్ పెట్టి, దాన్ని తిరగేసే గడిలో టిక్ వేస్తే సరిపోతుంది. నది పొడవునా నాలుగు అవుట్‌పోస్టులు కూడా కావాలి. శత్రువు కదలడం కనబడకపోతే మోసపోవడానికి ఏముంటుంది?

రెండోది ఫిరంగులు. దీని దగ్గరే మాకు వారం పట్టింది. నిజాంషా ఫిరంగుల మీద చెలబీ రూమీ ఖాన్ అధికారి. ఆయన మూడు వరసలు నిలిపాడు: ముందు పెద్దవి, వెనక చిన్నవి, ఆ వెనక తేలికవి. వాటిని కనబడనీయకుండా ముందు విలుకాండ్రను పెట్టాడు. విజయనగరంవాళ్లు దగ్గరికి రాగానే విలుకాండ్రు తప్పుకున్నారు, ఫిరంగులు పేలాయి. ఇంకా దగ్గరికొస్తే రాగి నాణేల సంచులు కూరి కాల్చారని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఆయన తర్వాతి తరంవాడు, బీజాపూర్ కొలువులో ఉన్నవాడు. ఫిరంగులు 600 అంటాడు, నేను 24 పెట్టాను.

చిక్కేమిటంటే ఈ ఆటలో బొంబార్డ్ కానన్ గోడలు కూల్చడానికి పుట్టింది. మరీ దగ్గరికొచ్చినవాణ్ణి అది కాల్చలేదు. గుర్రాలు నేరుగా ఫిరంగుల మీద పడితే ముక్కలు చేసేస్తాయి. మూడో ప్రయత్నంలో మావాడు అదే చేసి, రూమీ ఖాన్ పని అర నిమిషంలో ముగించాడు. అప్పుడు తట్టింది: పోర్చుగీసులకు ఆర్గన్ గన్ అని ఒకటుంది. ఒక్క దెబ్బకు చాలా గుళ్లు చిమ్ముతుంది, దగ్గరివాణ్ణి కూడా వదలదు. రాగి నాణేలకు అంతకంటే దగ్గరిది ఆటలో ఇంకోటి లేదు. ఎడిటర్‌లో ఎవరి ఆయుధాన్నైనా ఎవరికైనా ఇవ్వొచ్చు కాబట్టి మొదటి రెండు వరసలు బొంబార్డ్ కానన్లు, మూడో వరస ఆర్గన్ గన్లు. ముందు విలుకాండ్రు. ఫిరంగుల ముందున్న జాగాలోకి మీ మనుషులు 15 మంది రాగానే విలుకాండ్రు వెనక్కి వెళ్లేలా ట్రిగ్గర్.

బీజాపూర్ బురుజు మీద మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని చూశాను. 1549లో అహ్మద్‌నగర్‌లో పోతపోశారు. దాన్ని కూడా మ్యాప్‌లో పెట్టమని మావాడు గొడవ. ఆ బరువును జ్ఞాపకం చేసుకుని, దాన్ని ఈ రేవు దాటించే ఓపిక నాకు లేదన్నాను.

మూడోది రామరాయలు. ముసలివాడు, పల్లకిలో కూర్చుని యుద్ధం నడిపాడు. ఏనుగు ఒకటి మీదికొస్తే బోయీలు పల్లకి వదిలి పారిపోయారు. పట్టుబడ్డాడు. నిజాంషా తల నరికించి ఈటెకు గుచ్చి చూపించాడు. అంతటితో సైన్యం చెదిరిపోయింది. ఆటలో పల్లకి లేదు, కింగ్ అనే మనిషిని వాడండి. అయితే ఆయన్ని ఒకటో ప్లేయర్‌కు ఇవ్వకండి. ఇస్తే ఏ ఆటగాడైనా చేసే మొదటి పని రాజును మ్యాప్ మూలకు పరిగెత్తించడమే. రెండో ప్లేయర్ దగ్గర ఉంటే ఆయన కదలడు, మీరు కాపాడుకోవాలి. పరువున్న రాజు ఎవరి మాటా వినడు కదా.

భయం అనేది ఈ ఆటలో లేదు. రాజు పోయినా సైనికుడు చివరి ఊపిరిదాకా పోరాడుతూనే ఉంటాడు. ఏడో ప్లేయర్ అక్కరకొచ్చేది ఇక్కడే. కింగ్ చనిపోయాడన్న కండిషన్‌కు డిస్ట్రాయ్ ఆబ్జెక్ట్ వాడండి. దాని కింద చేంజ్ ఓనర్‌షిప్‌తో మధ్య భాగంలో, కుడి భాగంలో ఉన్న విజయనగరం సైన్యమంతా ఏడో ప్లేయర్‌కు పోవాలి. ఆ వెంటనే టాస్క్ ఆబ్జెక్ట్‌తో వాళ్లందరూ దక్షిణానికి పరుగు. ఎడమవైపు తిరుమల దళం మాత్రం మీ చేతిలో ఉంచండి. ఆయన బతికి బయటపడి, నగరంలోని సంపదను ఏనుగుల మీద వేసుకుని పెనుకొండకు చేరాడు. అది ఇంకో మ్యాప్‌కు సరిపడా కథ, ఇక్కడ ఇరికించొద్దు.

రామరాయల కొలువులోని ముస్లిం సేనానులు గిలానీ సోదరులు చివర్లో పక్షం మార్చారా లేదా అన్నది చరిత్రకారుల తగువు. రెండేళ్ల తర్వాత విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ ఇద్దరు సేనానులు మోసం చేశారంటాడు, ఫెరిష్తా ఆ ఊసే ఎత్తడు. ట్రిగ్గర్లలో ఛాన్స్ అనే కండిషన్ ఉంది. దాన్ని 50 శాతానికి పెట్టి వదిలేశాను.

పరీక్షించేటప్పుడు మీరు ఆడకండి, మీకు గుట్లన్నీ తెలుసు. నేను మావాడికి ట్రిగ్గర్లు చూపించడం మధ్యలోనే ఆపేశాను. కింగ్ సంగతి వాడికి తెలియదు. ఆ రోజు బాగానే ఆడాడు, రేవు దగ్గర సగం సైన్యాన్ని ఉంచి సగాన్నే తూర్పుకు పంపాడు. కానీ ఆర్గన్ గన్లు పని కానిచ్చాయి. కింగ్ పడిపోయాడు. వాడు ఏనుగుల మీద క్లిక్ చేశాడు, మళ్లీ చేశాడు, మౌస్‌ను బల్లకేసి కొట్టాడు.

"మామా, మౌస్ పోయినట్టుంది. ఎవడూ మాట వినట్లేదు."